స్కేల్ మోడల్ ఫొటోలకి ఏ కెమెరా? ముందు మీ మోడల్‌ని కొలవండి

స్కేల్ మోడల్స్ చేసేవాళ్లని ఎప్పుడు కలిసినా ఒక ప్రశ్న వస్తూనే ఉంటుంది: “ఫొటోలు బాగా రావాలంటే మాక్రో లెన్స్ కొనాల్సిందేనా?” చాలామందికి అక్కర్లేదు. ఇది ఊరికే అంటున్న మాట కాదు. నేను మొదట కొన్నది మాక్రో లెన్సే. షాపులో “చిన్న వస్తువుల్ని దగ్గర్నుంచి తీయాలి” అన్నాను, 100 ఎంఎం మాక్రో చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి 1:72 (అసలుదానిలో 72వ వంతు) మిగ్-21 యుద్ధవిమానం మోడల్‌ని టేబుల్ మీద పెట్టి చూస్తే, విమానం మొత్తం ఫ్రేములో పట్టడానికి దాదాపు మీటరు వెనక్కి జరగాల్సి వచ్చింది. నా గదిలో టేబుల్‌కీ మంచానికీ మధ్య అంత చోటు లేదు. ట్రైపాడ్ ఒక కాలు మంచం మీద ఆనించి తీశాను. ముక్కు స్పష్టంగా వస్తే తోక మసక, తోక స్పష్టంగా వస్తే ముక్కు మసక. లెన్స్‌లో ఏ లోపమూ లేదు. నా పనికి కావాల్సింది అది కాదు, అంతే.

అందుకే ఏ కెమెరా అని అడిగే ముందు ఒక స్కేలు తీసుకుని మీ మోడల్‌ని కొలవమంటాను.

మిగ్-21 రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 7.15 మీటర్లు. 72తో భాగిస్తే 10 సెంటీమీటర్లు కూడా నిండవు. పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. టి-55 ట్యాంకు గన్ ముందుకి పెట్టి కొలిస్తే 9 మీటర్లు, 1:35లో దాదాపు 26 సెంటీమీటర్లు. విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న కుర్సుర జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు, 1:350లో అది కూడా 26 సెంటీమీటర్లే. 1:64 బొమ్మ కార్లు ఏడెనిమిది సెంటీమీటర్లు ఉంటాయి. అంటే మనం తీసేవి ఎక్కువగా అరచేతి నుంచి మోచేతి దాకా పొడవుండే వస్తువులు. చీమ కన్నో, బియ్యపు గింజో కాదు.

మాక్రో లెన్స్ మీద 1:1 అని రాసి ఉంటే, వస్తువు ఎంత ఉందో సెన్సర్ మీద బొమ్మ కూడా అంతే పడుతుందని అర్థం. మామూలు డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు 22, 23 మిల్లీమీటర్లు. 1:1లో తీస్తే మీ మిగ్‌లో రెండు సెంటీమీటర్ల ముక్క ఫ్రేమంతా నిండిపోతుంది. మొత్తం విమానం కావాలంటే అందులో తొమ్మిదో వంతు చాలు. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌నే చూడండి. కెనాన్ ఎఫ్/3.5-5.6 ఐఎస్ ఎస్‌టీఎం రకం 25 సెంటీమీటర్ల దూరం నుంచి 0.36 వంతు దాకా ఇస్తుంది. అంటే ఆరు సెంటీమీటర్ల ముక్క ఫ్రేము నిండుతుంది. కాక్‌పిట్, ముందు చక్రం, తోక మీద గుర్తులు అన్నీ దాంతోనే తీయొచ్చు. చాలామంది ఇంట్లో ఈ లెన్స్ ఇప్పటికే ఉంది, బీరువాలో పడి ఉంటుంది.

అసలు కష్టం లోతుతో

మోడల్ ఫొటోల్లో మనల్ని నిజంగా ఇబ్బంది పెట్టేది దగ్గరికి వెళ్లలేకపోవడం కాదు, డెప్త్ ఆఫ్ ఫీల్డ్. ఎంత లోతు వరకు స్పష్టంగా వస్తుంది అన్నది. నిజమైన విమానాన్ని 20 మీటర్ల దూరం నుంచి తీస్తే ముక్కు నుంచి తోక దాకా అంతా స్పష్టంగా ఉంటుంది. మన కళ్లకి అది అలవాటైపోయింది. ఫొటోలో ముక్కు వెనకాలే మసకబారడం మొదలైతే, పెయింటింగ్ ఎంత బాగున్నా, చూసేవాళ్లకి అది బొమ్మ అని క్షణంలో తెలిసిపోతుంది. టిల్ట్-షిఫ్ట్ లెన్స్‌తో నిజమైన ఊళ్లని బొమ్మల్లా చూపించేది ఇదే కిటుకుతో. మనకి కావాల్సింది దానికి సరిగ్గా తలకిందులు.

ఇక్కడే సెన్సర్ సైజు లెక్కలోకి వస్తుంది. అదే 20 సెంటీమీటర్ల విమానం ఫ్రేము నిండా వచ్చేలా పెట్టి లెక్క కడితే, పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఎఫ్/16 దగ్గర సుమారు 4 సెంటీమీటర్ల లోతు ఇస్తుంది (ఎఫ్ అంకె అంటే అపర్చర్, లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). ఏపీఎస్-సీ అదే ఎఫ్/16 దగ్గర 5, 6 సెంటీమీటర్లు ఇస్తుంది. చిన్న సెన్సర్ ఉన్న కాంపాక్ట్ కెమెరా ఎఫ్/4.9కే 6 సెంటీమీటర్ల పైన ఇచ్చేస్తుంది. ఎంత పెద్ద సెన్సర్ అయితే అంత తక్కువ లోతు. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు వెనకాల అంతా మసకగా రావాలని ఫుల్‌ఫ్రేమ్‌కి డబ్బు పెడతారు. మోడల్స్ తీసేవాళ్లం ఆ మసక వద్దనుకుంటాం. అందుకే వాళ్ల సలహా మనకి సరిపోదు.

ఫుల్‌ఫ్రేమ్‌లో ఎఫ్/22 పెడితే సరిపోతుంది కదా అంటారు. లోతు సరిపోతుంది. కానీ అపర్చర్ అంత చిన్నదైతే కాంతి చెదిరి ఫొటో అంతా కొంచెం మెత్తబడుతుంది, డిఫ్రాక్షన్ అంటారు. ఏపీఎస్-సీలో ఎఫ్/16 దగ్గరా దాదాపు అంతే మెత్తదనం వస్తుంది. లోతు సమానమైతే మెత్తదనమూ సమానమే. కాబట్టి ఈ ఒక్క పనికి ఫుల్‌ఫ్రేమ్ కొనడం దండగ. ఇతర అవసరాలకి ఇప్పటికే ఉంటే హాయిగా వాడుకోండి.

ఆ మెత్తదనం గురించి మరీ టెన్షన్ పడకండి. 24 మెగాపిక్సెల్ ఫొటో ఆరు వేల పిక్సెల్స్ వెడల్పు ఉంటుంది. ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు రెండు వేలకి తగ్గిస్తాం. అలా తగ్గించాక ఎఫ్/16 మెత్తదనం కంటికి ఆనదు. ఎఫ్/22, ఎఫ్/32 దగ్గర మాత్రం డెకాల్స్ (మోడల్ మీద అతికించే గుర్తుల స్టిక్కర్లు) మీది సన్న అక్షరాల్లో తేడా కనిపిస్తుంది.

ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది

పనిలో ఉన్నప్పుడు తీసే ఫొటోలకి ఫోన్‌కి మించింది లేదు. జిగురు చేతులతో కెమెరా ముట్టుకోబుద్ధి కాదు. పూర్తయిన మోడల్‌కి కూడా ఫోన్ బాగానే పనిచేస్తుంది, కానీ కొన్ని తెలిసి వాడాలి.

ఈమధ్య ఖరీదైన ఫోన్లలో మెయిన్ కెమెరా సెన్సర్ బాగా పెద్దదైంది. అపర్చరేమో ఎఫ్/1.8 దగ్గరే ఉంటుంది, చాలావాటిలో మార్చుకోవడానికి ఉండదు. మన మిగ్ ఫ్రేము నిండేంత దగ్గర నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు ఒకటిన్నర సెంటీమీటర్లే. పాత ఫోన్‌లో బాగా వచ్చిన మోడల్ ఫొటో కొత్త ఫోన్‌లో మసకగా వస్తోందని కొందరు అనేది ఇందుకే. వాళ్ల చేతిలో తప్పేమీ లేదు. దీనికి మందు ఒక్కటే, వెనక్కి జరగడం. రెట్టింపు దూరం వెళ్లి తీసి, తర్వాత కత్తిరించుకోండి. 48, 50 మెగాపిక్సెల్స్ ఉన్నది అందుకు పనికొస్తుంది. లోతూ పెరుగుతుంది, విమానం ఆకారం కూడా సహజంగా వస్తుంది.

ఆకారం అన్నది చిన్న విషయం కాదు. 1:72 మోడల్‌కి 5 సెంటీమీటర్ల దూరంలో ఫోన్ పెట్టారంటే, నిజమైన విమానానికి మూడున్నర మీటర్ల దూరంలో నిలబడ్డట్టు. ముక్కు గుమ్మడికాయంత, తోక వేలెడంత కనిపిస్తాయి. 30 సెంటీమీటర్ల దూరమైతే 21 మీటర్లు. రన్‌వే పక్కన నిలబడి చూసినట్టు ఉంటుంది. మోడల్‌కీ కెమెరాకీ మధ్య దూరాన్ని మోడల్ స్కేలు అంకెతో (1:72 అయితే 72తో) గుణించి చూసుకోండి, ఫొటో ఎందుకు వింతగా ఉందో అర్థమవుతుంది. ఫోన్‌లోని మాక్రో మోడ్‌తో ఉన్న చిక్కు ఇదే. ఐఫోన్ 13 ప్రో నుంచి ప్రో రకాల్లో అల్ట్రావైడ్ కెమెరా 2 సెంటీమీటర్ల దాకా ఫోకస్ అవుతుంది. ఆశ్చర్యంగానే ఉంటుంది, కానీ అంత దగ్గరికి వెళ్తే ఫోన్ నీడే మోడల్ మీద పడుతుంది. దగ్గరికి వెళ్లగానే ఫోన్ తనంతట తను ఆ మోడ్‌లోకి మారిపోతుంటే సెట్టింగుల్లో ఆపేయండి. తక్కువ ధర ఫోన్లలో వచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరాని లెక్కలోకి తీసుకోవద్దు. మెయిన్ కెమెరాతో తీసి కత్తిరించినదే దానికంటే బాగుంటుంది.

ఫోన్‌కి ఉన్న ఒక గొప్ప సౌకర్యం చాలామంది వాడుకోరు. మనిషి కంటి ఎత్తు నేల నుంచి సుమారు 160 సెంటీమీటర్లు. 1:72లో అది 2.2 సెంటీమీటర్లు, 1:48లో 3.3, 1:35లో 4.6. ఫొటోలో మోడల్ నిజమైనదిలా కనిపించాలంటే లెన్స్ ఆ ఎత్తులో ఉండాలి. మనం టేబుల్ ముందు కూర్చుని పైనుంచి తీస్తాం. అది హెలికాప్టర్‌లోంచి చూసినట్టు ఉంటుంది. ఫోన్‌ని తలకిందులుగా, కెమెరా టేబుల్‌ని ఆనుకునేలా పెట్టండి. లెన్స్ సుమారు రెండు సెంటీమీటర్ల ఎత్తులోకి వస్తుంది. నేను మిగ్‌ని అలా మొదటిసారి తీసినప్పుడు స్క్రీన్ మీద ముక్కు పైకి లేచి, చక్రాల మధ్యలోంచి రన్‌వే వెనకదాకా కనిపించింది. చార్ట్ మీద నేను గీసిన బూడిద రంగు కాంక్రీటు పలకలే అవి. వారం రోజులు పెయింట్ చేసిన మోడల్ అప్పుడు మాత్రమే విమానంలా అనిపించింది. పెద్ద కెమెరా ఉన్నవాళ్లు మోడల్‌ని టేబుల్ అంచుకి జరిపి, ట్రైపాడ్‌ని టేబుల్ కంటే కిందికి దింపితే ఇదే ఎత్తు వస్తుంది. కాకపోతే డయోరమా (మోడల్ చుట్టూ నేల, ఇళ్లు, చెట్లతో కట్టిన బొమ్మ దృశ్యం) లోపలికి, రెండు ఇళ్ల మధ్య సందులోకి దూరడం ఫోన్‌కే వీలవుతుంది.

వాడిన డీఎస్ఎల్ఆర్, కిట్ లెన్స్: నేను ఎక్కువమందికి చెప్పేది

కొత్తగా కొనేవాళ్లకి నా మొదటి సలహా ఇదే. పాత మోడల్ ఏపీఎస్-సీ డీఎస్ఎల్ఆర్, 18-55 లెన్స్, గట్టి ట్రైపాడ్. కొత్త 100 ఎంఎం మాక్రో లెన్స్ ఒక్కదానికి పెట్టే డబ్బుతో ఇవన్నీ కొని, రెండు లైట్లు కూడా కొనుక్కోవచ్చు. మనం తీసే వస్తువు కదలదు. వేగంగా ఫోకస్ అవ్వాల్సిన పని లేదు, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) 100 దాటాల్సిన పని లేదు, వీడియో అక్కర్లేదు. కొత్త కెమెరాల ధర పెంచే గుణాల్లో సగం మన టేబుల్ మీద ఖాళీగా కూర్చుంటాయి. పదేళ్ల నాటి 18 మెగాపిక్సెల్ బాడీ ఐఎస్ఓ 100 దగ్గర, ట్రైపాడ్ మీద ఇచ్చే ఫొటో ఇప్పటికీ చక్కగా ఉంటుంది.

35 ఎంఎం దగ్గర పెట్టి 35, 40 సెంటీమీటర్లు, 55 ఎంఎం దగ్గర పెట్టి అర మీటరు పైన దూరం నుంచి మిగ్ ఫ్రేములో సరిపోతుంది. చిన్న గదికి ఈ దూరాలు సరిపోతాయి. ఎఫ్/16, ఐఎస్ఓ 100, రెండు సెకన్ల టైమర్. షట్టర్ ఒక సెకను పట్టినా ఫర్వాలేదు. అలా తీసేటప్పుడు ఫ్యాన్ ఆపాలి. మోడల్ మీద అతికించిన సన్న తీగ యాంటెన్నా ఫ్యాన్ గాలికి వణుకుతుంది, కంటికి కనిపించదు, ఫొటోలో రెండు తీగలుగా వస్తుంది. ఊగే చెక్క టేబుల్ కంటే వంటింటి గ్రానైట్ గట్టు మేలు.

కెనాన్ వాడేవాళ్లకి కంపెనీ వాళ్ల ఈఓఎస్ యుటిలిటీ ఉచితం. కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపితే పెద్ద స్క్రీన్ మీద చూసుకుంటూ మౌస్‌తోనే ఫోకస్ జరపొచ్చు. నికాన్ వాళ్లకి డిజికామ్‌కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. కెమెరాని చేత్తో ముట్టుకోకుండా తీయడం మొదలుపెట్టాక నా ఫొటోల్లో స్పష్టత ఎంత పెరిగిందంటే, లెన్స్ మార్చినా అంత పెరిగేది కాదు.

మిర్రర్‌లెస్ కెమెరాకి (డీఎస్ఎల్ఆర్‌లా లోపల అద్దం ఉండని రకం) వెళ్లాలనుకుంటే ఒకే ఒక గుణం కోసం వెళ్లండి: ఫోకస్ బ్రాకెటింగ్. ఒకసారి నొక్కితే కెమెరానే ముక్కు నుంచి తోక దాకా ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ వరసగా ఫొటోలు తీస్తుంది. కెనాన్ ఆర్‌పీ, ఆర్10, సోనీ ఏ6700, నికాన్ జెడ్5 లాంటివాటిలో ఉంది. నికాన్‌లో దాన్ని ఫోకస్ షిఫ్ట్ అంటారు. ఒకే కంపెనీలో ఒక దాంట్లో ఉండి, దాని పక్క దాంట్లో ఉండదు. కొనే ముందు ఆ కెమెరా మాన్యువల్ దించుకుని ఈ పేరు వెతకండి.

కాంపాక్ట్‌లలో టఫ్ వరస, ఒలింపస్ టీజీ-6, ఓఎం సిస్టమ్ పేరుతో వచ్చిన టీజీ-7, మన పనికి ప్రత్యేకంగా నచ్చాయి. నీళ్లలో వాడేవాళ్ల కోసం చేసిన కెమెరా అది. కానీ లెన్స్‌కి సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని తీస్తుంది, చిన్న సెన్సర్ కాబట్టి లోతు ఎక్కువ, ఫోకస్ మారుస్తూ తీసిన ఫొటోల్ని తానే కలిపి ఒకటి చేసి ఇస్తుంది. కంప్యూటర్ జోలికి వెళ్లకుండా పని అయిపోవాలనుకునేవాళ్లకి ఇది బాగుంటుంది. రంగులు, వెలుగునీడల్లో సన్న తేడాలు కావాలంటే మాత్రం ఏపీఎస్-సీదే పైచేయి.

మాక్రో లెన్స్ నిజంగా ఎవరికి కావాలి

1:72 కాక్‌పిట్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ప్యానెల్ సెంటీమీటరు వెడల్పు ఉంటుంది. అందులో డయల్స్‌ని విడివిడిగా చూపించాలనుకునేవాళ్లకి, బొమ్మ సైనికుడి కళ్లు పెయింట్ చేసేవాళ్లకి కావాలి. ఇంకొక ఉపయోగం ఉంది, నాకు అదే ముఖ్యం: పని సరిచూసుకోవడం. మిగ్ ఒళ్లు రెండు సగాలుగా వస్తుంది, అతుకు వీపు మీదుగా పోతుంది. పుట్టీ పెట్టి, రుద్ది, బూడిద రంగు ప్రైమర్ కొట్టాక వేలితో తడిమితే నున్నగానే ఉంది. లైటుని పక్కనుంచి బాగా కిందికి దించి దగ్గర్నుంచి ఫొటో తీస్తే, కాక్‌పిట్ వెనకాల మూడు సెంటీమీటర్ల పొడవున వెంట్రుకంత గీత కనిపించింది. పెయింట్ వేశాక చూసుంటే చేసేదేమీ లేదు. అప్పుడైతే ఇంకోసారి పుట్టీ పెట్టి అరగంటలో సరిచేశాను. అప్పటి నుంచి ప్రైమర్ తర్వాత ఫొటో తీయకుండా రంగు డబ్బా తెరవను.

ఈ అవసరానికి చవకైన దారులు ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ అంటే బాడీకీ లెన్స్‌కీ మధ్య పెట్టే ఖాళీ గొట్టం. 50 ఎంఎం లెన్స్ వెనక 12 ఎంఎం ట్యూబ్ పెడితే సెన్సర్ మీద పడే బొమ్మకి వస్తువు సైజులో దాదాపు పావు వంతు అదనంగా కలుస్తుంది. లోపల గాజు లేదు కాబట్టి నాణ్యత పెద్దగా పాడవదు. కానీ ఎలక్ట్రానిక్ కాంటాక్ట్స్ ఉన్నవే కొనండి. అవి లేని చవక ట్యూబులు కెనాన్ లాంటి కెమెరాల్లో అపర్చర్‌ని పూర్తిగా తెరిచి ఉంచేస్తాయి. ఎఫ్/16 కావాల్సిన చోట ఎఫ్/1.8కి కట్టుబడిపోతారు. లెన్స్ ముందు బిగించే క్లోజప్ ఫిల్టర్లలో నాలుగు కలిపి అమ్మే చవక సెట్ వద్దు, రెక్కల అంచుల్లో ఊదా, పచ్చ గీతలు వస్తాయి. రేనాక్స్ డీసీఆర్-150 లాంటి మంచి రకం ఒక్కటి చాలు.

మాక్రోనే కొనాలనుకుంటే, ఏపీఎస్-సీ మీద 100 ఎంఎం కంటే పొట్టివి చూడండి. కెనాన్ ఈఎఫ్-ఎస్ 60, నికాన్ డీఎక్స్ 40 మన గదుల్లో ఇమిడిపోతాయి. 40తో మరీ దగ్గరికి వెళ్తే లెన్స్ మోడల్‌ని దాదాపు తాకుతుంది, లైటు పడదు. అందుకే నా ఓటు 60కి. ఇంకా చవకగా కావాలంటే పాత నికాన్ మైక్రో 55 ఎంఎం ఎఫ్/2.8 వెతకండి. చేత్తో ఫోకస్ చేసుకోవాలి, సగం సైజు దాకానే ఇస్తుంది, మన మోడల్ ఎటూ పారిపోదు కాబట్టి అది చాలు. అడాప్టర్‌తో మిర్రర్‌లెస్ మీద కూడా కూర్చుంటుంది. 100 ఎంఎం ఉన్నవాళ్లు బాధపడక్కర్లేదు. మీటరు దూరం అంటే 1:72లో 72 మీటర్లు, ఎయిర్‌షోలో పెద్ద లెన్స్‌తో తీసినట్టు కనిపిస్తుంది. ఆ రూపం కావాలనుకున్నప్పుడు దానికి సాటి లేదు.

లావోవా 24 ఎంఎం ప్రోబ్ లెన్స్ వీడియోలు చూసి చాలామంది అడుగుతారు. 40 సెంటీమీటర్ల గొట్టం, కొస రెండు సెంటీమీటర్ల వెడల్పు, చివర్లో లైట్లు. డయోరమా వీధిలోకి నడిచి వెళ్లినట్టు తీయొచ్చు. ఏడాదికి రెండు సార్లు వాడేదానికి అంత ఖర్చు వద్దు. యాడ్ షూటింగులకి గేర్ అద్దెకిచ్చేవాళ్ల దగ్గర ఒక రోజుకి దొరుకుతుందేమో అడగండి.

ఫోకస్ స్టాకింగ్

ఎఫ్/16లో కూడా 5, 6 సెంటీమీటర్లే స్పష్టంగా వస్తుందన్నాం. పక్కనుంచి తీస్తే సరిపోతుంది. ముక్కు వైపు నుంచి తీస్తే 20 సెంటీమీటర్ల లోతు కావాలి, అక్కడ స్టాకింగ్, అంటే ఫోకస్ మారుస్తూ తీసిన ఫొటోల్ని కలిపి ఒకటి చేయడం, తప్పదు. ఎఫ్/8 పెట్టి, ముక్కు నుంచి తోక దాకా ఫోకస్ జరుపుతూ 8 నుంచి 12 ఫొటోలు తీస్తే చాలు. వందలు తీయాల్సిన పని పురుగుల్ని తీసేవాళ్లది. కలపడానికి హెలికన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ డబ్బు పెట్టి కొనేవి. పికోలే ఉచితం. ఫోటోషాప్ ఉంటే దాంట్లోనూ అవుతుంది. ముక్కు ముందు పొడుచుకొచ్చే పిటో గొట్టం (గాలి వేగం కొలిచేది) రెక్క మీదుగా అడ్డం వచ్చినచోట, కాక్‌పిట్ మీది గాజు కెనపీ అంచుల్లో, కలిపాక తెల్లటి నీడలు వస్తాయి. అక్కడ చేత్తో దిద్దుకోవాలి. కెమెరాని కొంచెం పక్కకి జరిపి, గొట్టం వెనక ఖాళీ నేపథ్యం వచ్చేలా పెట్టుకుంటే ఆ దిద్దుడే తప్పుతుంది.

ట్రైపాడ్‌కీ లైట్లకీ ముందు డబ్బు పెట్టండి

డబ్బులు తక్కువ ఉంటే కెమెరా ఖర్చు తగ్గించుకోండి, వీటిది కాదు. పుస్తకాల షాపులో దొరికే లేత బూడిద లేదా లేత నీలం చార్ట్ పేపర్‌ని గోడ నుంచి టేబుల్ మీదికి వంపుగా జారవిడవండి. రెండు ఎల్ఈడీ లైట్లు, వాటి ముందు బటర్ పేపర్, నీడ వైపు వెలుగు తిప్పడానికి థర్మోకోల్ షీటు. ఎల్ఈడీ కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉందో లేదో చూడండి. అది తక్కువైతే ఆలివ్ పచ్చ బురద రంగులోకి పోతుంది, మీరు గంటలు కూర్చుని కలిపిన రంగు ఫొటోలో ఉండదు.

కుర్సుర లాంటి నల్లటి మోడల్‌కి లైటు ఇంకోలా పెట్టాలి. నలుపు మీద వెలుగు పడితే కనిపించదు, దానిలో ప్రతిబింబిస్తేనే కనిపిస్తుంది. అందుకే పెద్ద బటర్ పేపర్ తెరని జలాంతర్గామి పొడవునా పైన పట్టాలి. వీపు మీద పొడవైన తెల్లటి చార పడి గుండ్రటి ఒళ్లు బయటపడుతుంది. తెల్ల కాగితం మీద నల్ల మోడల్ పెడితే కెమెరా కూడా తడబడుతుంది, ఎక్స్‌పోజర్ చేత్తో సరిచేసుకోండి.

డయోరమాకి మాత్రం ఈ మెత్తటి వెలుగు వద్దు, ఎండ కావాలి. ఎండ నీడ అంచు పదునుగా ఉంటుంది, ఎందుకంటే ఆకాశంలో సూర్యుడు అర డిగ్రీ వెడల్పే కనిపిస్తాడు. టేబుల్ మీద అంత పదునైన నీడ రావాలంటే మీటరు దూరంలో సెంటీమీటరు కంటే చిన్న లైటు పెట్టాలి. అర మీటరు నుంచి ఫోన్ టార్చి దాదాపు ఆ పని చేస్తుంది, కానీ ముక్కు మీద ఎక్కువ, తోక మీద తక్కువ వెలుగు పడి గుట్టు బయటపడుతుంది. ఉదయం ఎనిమిదింటికి డాబా మీదికి తీసుకెళ్లండి. అక్కడ పడే ఎండ ఎయిర్‌ఫీల్డ్ మీద పడే ఎండే, పైసా ఖర్చు లేదు. గాలి లేని రోజు చూసుకోవాలి, అంతే.

వాడిన కెమెరా కొనడానికి వెళ్లేటప్పుడు మీ మోడల్‌ని, పోనీ డెకాల్స్ అతికించిన ఒక విడి రెక్కని, డబ్బాలో పెట్టుకుని వెళ్లండి. కౌంటర్ మీద పెట్టి 55 ఎంఎం దగ్గర ఎంత దగ్గరికి ఫోకస్ అవుతుందో చూడండి. తర్వాత ఎఫ్/16 పెట్టి ఒక తెల్ల కాగితాన్ని ఫోకస్ తప్పించి తీసి, పెద్దది చేసి మూలలు చూడండి. ఎఫ్/4లో కనిపించని సెన్సర్ దుమ్ము ఎఫ్/16లో నల్లటి చుక్కలుగా బయటపడుతుంది. మనం ఎప్పుడూ తీసేది ఎఫ్/16లోనే కాబట్టి ఆ చుక్కలు ప్రతి ఫొటోలో, ఖాళీ ఆకాశం మీద వస్తాయి. రబ్బరు బ్లోయర్‌తో ఊదితే పోయేవైతే సరే. ఊదాక కూడా అదే చోట ఉంటే, శుభ్రం చేయించి ఇమ్మని అడగండి, లేదా ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.